చెల్లి చీటీ ఒకటి... అక్క చీటీలు 20

పిల్లలు చదివే సాహస కథల్లో తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఏం చేస్తున్నారు?

ఏటా ఒకరోజు ఊరి పిల్లలందరినీ చౌరస్తాలో నిలబెడతారు. 12 నుంచి 18 ఏళ్ళ వాళ్ళ పేర్లు రాసిన చీటీలు గాజు గిన్నెల్లో ఉంటాయి. ఒక అబ్బాయి పేరు, ఒక అమ్మాయి పేరు తీస్తారు. దేశం మొత్తం మీద అలా 24 మందిని ఒకచోట వదిలేస్తారు. ఒకరినొకరు చంపుకోగా చివరికి ఒక్కరే ఇంటికి వస్తారు. సుజాన్ కాలిన్స్ 2008లో రాసిన 'ది హంగర్ గేమ్స్' మొదలయ్యేది ఇక్కడే. అమెరికాలో మిడిల్ స్కూల్ దాటిన పిల్లలున్న ఇంట్లో ఈ పేరు వినని వాళ్ళు తక్కువ. పుస్తకం చదవకపోయినా పిల్లలతో కూర్చుని సినిమా చూసిన అమ్మానాన్నలు చాలామందే ఉంటారు.

కథానాయిక కాట్నిస్‌కు 16 ఏళ్ళు. ఆ గిన్నెలో ఆమె పేరు మీద 20 చీటీలున్నాయి. చెల్లెలు ప్రిమ్‌కు 12 ఏళ్ళు, ఆ పిల్లది ఒక్కటే చీటీ. ఒకే ఇంటి పిల్లలకు ఇంత తేడా ఎందుకు? పుస్తకంలో దీనికి లెక్క ఉంది. వయసును బట్టి ఏడాదికొకటి చొప్పున కాట్నిస్‌కు సొంతంగా వచ్చినవి 5. మిగతా 15 తిండిగింజల కోసం వేసినవి. పేదింటి పిల్లలు తమ పేరు మీద అదనంగా ఒక చీటీ వేస్తే, ఇంట్లో ఒక మనిషికి ఏడాదికి కాస్త ధాన్యం, నూనె ఇస్తారు. తనకొకటి, అమ్మకొకటి, చెల్లికొకటి. ఏడాదికి మూడు చొప్పున అయిదేళ్ళు. చెల్లిని మాత్రం ఒక్క చీటీ కూడా అదనంగా వెయ్యనివ్వలేదు.

అంటే పోటీ మొదలవడానికి నాలుగేళ్ళ ముందు నుంచే ఈ అమ్మాయి చెల్లి వాటా ప్రమాదాన్ని తన పేరు మీద రాయించుకుంటూ వస్తోంది. అయినా ఆ ఏడు వచ్చింది ప్రిమ్ పేరే.

మేక సంగతి మరిచిపోవద్దు

పేరు పిలవగానే కాట్నిస్ ముందుకొచ్చి చెల్లి బదులు తాను వెళ్తానంటుంది. సినిమా చూసినవాళ్ళందరికీ ఈ సన్నివేశం గుర్తుంటుంది. నాకు మాత్రం అంతకన్నా గట్టిగా పట్టుకున్నది ఆ తర్వాత వచ్చే వీడ్కోలు. రైలెక్కించే ముందు ఇంటివాళ్ళతో మాట్లాడుకోవడానికి కాసేపు వదులుతారు. చావడానికి వెళ్తున్న పిల్ల ఆ కాసేపట్లో ఏం మాట్లాడుతుంది? మేకపాలు, జున్ను అమ్ముకోమంటుంది. తిండిగింజల కోసం చీటీ వెయ్యొద్దని చెల్లికి మరోసారి చెబుతుంది. స్నేహితుడు వేటమాంసం తెచ్చిస్తాడని ధైర్యం చెబుతుంది. తెర మీద తనకేం జరిగినా సరే మళ్ళీ మంచం పట్టడానికి వీల్లేదని తల్లిని గట్టిగానే హెచ్చరిస్తుంది.

సాహసయాత్రకు బయల్దేరే వీరుల మాటలు ఇలా ఉండవు. పదిరోజులు ఊరెళ్తూ ఇల్లు అప్పగించే ఇల్లాలి మాటలివి.

ఈ ఇల్లాలికి 11 ఏళ్ళప్పుడే బొగ్గుగని ప్రమాదంలో తండ్రి పోయాడు. తల్లి మనసు విరిగి మంచానికి అతుక్కుపోయింది. ఇంట్లో తిండి లేదు. అప్పుడు ఊరి కంచె దాటి అడవిలోకి వేటకు వెళ్ళడం మొదలుపెట్టింది. అందరూ మెచ్చుకునే ఆ విలువిద్య సరదాకి నేర్చుకున్నది కాదు. చెల్లికి అన్నం పెట్టడానికి పనికొచ్చింది కాబట్టి అందులో ఆరితేరింది. పెళ్ళి చేసుకోకూడదు, పిల్లల్ని కనకూడదు అని కూడా ఈ పదహారేళ్ళ పిల్ల అప్పటికే నిర్ణయించుకుంది. కన్న పిల్లల పేర్లు కూడా ఆ గిన్నెలో పడతాయని భయం.

పోటీలోకి దిగాక ఒంటరిగా బతకగల నేర్పు ఆమెకుంది. అయినా రూ అనే 12 ఏళ్ళ పిల్లతో జట్టుకడుతుంది. ఆ పిల్ల ప్రిమ్‌ను గుర్తుచెయ్యడమే అందుకు పెద్ద కారణం. రచయిత్రి ఇక్కడ చిన్న సంగతొకటి పెట్టారు, చాలామంది దాటేసి వెళ్ళిపోతారు. రూ తన ఇంట్లో ఆరుగురు పిల్లల్లో పెద్దది. కాట్నిస్ చెల్లెలని చేరదీసిన పిల్ల ఇంకో ఇంట్లో పెద్దక్క! ఆ రూ చనిపోయినప్పుడు కాట్నిస్ పూలతో ఆమెను అలంకరిస్తుంది. పాలకులకు కోపం తెప్పించే పని అదే. దేశంలో రగిలిన తిరుగుబాటుకు ఈ పూలు కూడా ఒక నిప్పురవ్వే. ఆ క్షణంలో ఆమె మనసులో పెద్ద రాజకీయ ప్రణాళిక లేదు. ఒక అక్క దుఃఖం ఉంది, ఒళ్ళు మండే కోపం ఉంది.

మన కథల్లో ఆఖరివాడిదే రాజ్యం

మనం విని పెరిగిన కథలు గుర్తుచేసుకోండి. రాజుగారికి ముగ్గురు కొడుకులో, ఏడుగురు కొడుకులో ఉంటారు. పెద్దవాళ్ళు దారిలోనే ఓడిపోతారు, లేదంటే తమ్ముణ్ణి మోసం చేస్తారు. మూలికను తెచ్చేదీ, రాకుమారిని గెలిచేదీ అందరిలోకీ చిన్నవాడే. ఆ కథలన్నీ ఒకరకంగా చిన్నవాళ్ళ కలలు. ఇక రామాయణంలో అయితే అన్న వెంట అడవికి నడిచే లక్ష్మణుడు, పాదుకలు నెత్తిన పెట్టుకునే భరతుడు. తమ్ముడి జీవితం అన్న చుట్టూ తిరుగుతుంది.

ఇప్పటి టీనేజీ నవలల్లో ఇది తిరగబడింది. పెద్దపిల్లే కథానాయిక. ఆమె జీవితం చిన్నదాని చుట్టూ తిరుగుతుంది.

దీనికి దగ్గరగా మన దగ్గర ఏముందని వెతికితే నాకు యక్షప్రశ్నలు తడతాయి. తెలుగు మహాభారతంలో ఎఱ్ఱన పూర్తిచేసిన అరణ్యపర్వంలో ఉంటుంది ఈ కథ. నలుగురు తమ్ముళ్ళూ కొలను ఒడ్డున పడి ఉన్నారు. ప్రశ్నలకు జవాబులు విన్న యక్షుడు, ఒక్కణ్ణి బతికిస్తాను, ఎవరు కావాలో కోరుకోమంటాడు. ముందు యుద్ధముంది. లెక్క చూసుకునేవాడైతే భీముణ్ణో, అర్జునుణ్ణో అడగాలి. ధర్మరాజు నకులుణ్ణి అడుగుతాడు. కుంతి కొడుకుల్లో తానొకడు మిగిలాడు, మాద్రికీ ఒక కొడుకు మిగలాలి కదా అంటాడు. రాజ్యం, గెలుపు పక్కకు జరిగి సవతితల్లి బిడ్డ ముందుకొచ్చాడు. పెద్దవాడి ప్రాధాన్యాలను చిన్నవాడు మార్చడమంటే ఇదే. తేడా ఏమిటంటే, ధర్మరాజు అప్పటికి జీవితాన్ని చూసిన మనిషి. కాట్నిస్ ఇంకా బడికి వెళ్ళే పిల్ల.

విసుగు కూడా ప్రేమలో భాగమే

కాలిన్స్‌కు ఈ ధోరణి హంగర్ గేమ్స్‌తో వచ్చింది కాదు. అంతకుముందు 2003లో 'గ్రెగర్ ది ఓవర్‌లాండర్' రాశారు. న్యూయార్క్‌లో 11 ఏళ్ళ గ్రెగర్ వేసవి సెలవుల్లో రెండేళ్ళ చెల్లి బూట్స్‌ను చూసుకుంటూ ఇంట్లో ఉంటాడు. అపార్టుమెంటు కింద బట్టలుతికే గదిలో గోడకున్న కంతలోకి చెల్లి జారిపోతుంది, వెనకే అన్న. అడుగున ఇంకో లోకం. అన్నకు ఒకటే ధ్యాస, చెల్లిని తీసుకుని ఇంటికి పోవాలి. ఆ లోకంలోనే తప్పిపోయిన తన తండ్రి ఉన్నాడని తెలిశాక గానీ ఆగడు. సరదా ఏమిటంటే, అక్కడి మనిషంత బొద్దింకలను చూసి అందరూ చీదరించుకుంటే ఈ రెండేళ్ళది మాత్రం వాటితో బంతాట మొదలుపెడుతుంది. అవి దాన్ని యువరాణీ అని పిలుస్తూ ప్రాణమిచ్చి కాపాడతాయి. అన్న మోస్తున్న బరువు అనుకున్నది అన్నకే రక్ష అయింది. తొమ్మిది, పదేళ్ళ పిల్లలకు ఈ పుస్తకం భలే నచ్చుతుంది.

అయితే తమ్ముళ్ళంటే ఎప్పుడూ ప్రేమేనా? ఆ మాట ఏ ఇంటి పెద్దపిల్లనైనా అడగండి. 1986లో జిమ్ హెన్సన్ తీసిన 'లాబిరింత్' సినిమా నిజాయతీగా అక్కడే మొదలవుతుంది. సారా టీనేజీ పిల్ల. నాన్న, సవతి తల్లి బయటికి వెళ్తూ ఏడుస్తున్న పసివాణ్ణి ఆమెకు అప్పగించి పోతారు. విసిగిపోయి, వీణ్ణి ఎవరైనా ఎత్తుకుపోతే బాగుండునంటుంది. గాబ్లిన్ల రాజు నిజంగానే ఎత్తుకుపోతాడు. 13 గంటల్లో చిక్కుదారుల కోట చేరి తమ్ముణ్ణి తెచ్చుకోవాలి. దారిలో ఒకచోట అచ్చం ఆమె గదిలాంటి గదే కనిపిస్తుంది. ఆమె బొమ్మలు, ఆమె పుస్తకాలు, ఇంతవరకూ ప్రాణంగా చూసుకున్నవన్నీ ఒక ముసలమ్మ ఒక్కొక్కటే ఒళ్ళో పెడుతుంటుంది. ఇక్కడే ఉండిపో అన్నట్టు. అవన్నీ చెత్త, నేను టోబీ కోసం వెళ్ళాలి అని లేస్తుంది సారా. అంతకుముందు తమ్ముడి దగ్గర తన బొమ్మ కనిపించిందని రగడ చేసిన పిల్లే! చివర్లో అదే బొమ్మను నిద్రపోతున్న తమ్ముడి పక్కన పెడుతుంది.

పొరుగూళ్ళు దాటిన నలుగురు

హంగర్ గేమ్స్ అంత పేరు లేకపోయినా, ఈ విషయంలో నన్నడిగితే అన్నిటికన్నా గొప్ప పుస్తకం సింథియా వాయిట్ 1981లో రాసిన 'హోమ్‌కమింగ్'. ఇందులో మంత్రాలు, రాక్షసులు లేరు. నడక ఉంది, ఆకలి ఉంది.

కనెక్టికట్‌లో ఒక షాపింగ్ మాల్ పార్కింగ్‌లో కారు ఆపి తల్లి దిగుతుంది. అక్క చెప్పినట్టు వినండి అని చిన్నవాళ్ళకు చెప్పి లోపలికి వెళ్తుంది. మళ్ళీ రాదు. కార్లో నలుగురు పిల్లలు. 13 ఏళ్ళ డైసీ, 10 ఏళ్ళ జేమ్స్, 9 ఏళ్ళ మేబెత్, 6 ఏళ్ళ సామీ. రాత్రంతా ఎదురుచూస్తారు. పోలీసులకు చెబితే నలుగురినీ నాలుగు ఇళ్ళకు పంచేస్తారని డైసీ భయం. అందుకని బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఎప్పుడూ చూడని ఒక బంధువు ఇంటికి నడిచి పోదామని బయల్దేరుతుంది.

కారులో గంటన్నరో రెండు గంటలో పట్టే దారిని ఈ పిల్లలు రోజుల తరబడి నడుస్తారు. ఈ నడకలో డైసీ ప్రాధాన్యాలు ఎలా మారతాయో వాయిట్ పేజీ పేజీకీ చూపిస్తారు. మొదట్లో ఆమె ఆలోచన మ్యాపు మీద ఉంటుంది, రోజుకు ఎన్ని మైళ్ళు నడవగలం అని. కానీ జట్టు నడిచేది ఆరేళ్ళ సామీ కాళ్ళ వేగంతో. కాబట్టి లెక్కలన్నీ సామీ కాళ్ళకు తగ్గట్టు మార్చుకోవాలి. ఎక్కువ నిద్రపోనివ్వాలి. ఒకపూట సముద్రం ఒడ్డున ఆడుకోనివ్వాలి. చేతిలో ఉన్న ప్రతి డాలరూ, ప్రతి సెంటూ ఎన్ని బ్రెడ్లు, ఎన్ని అరటిపళ్ళు అవుతాయో చూసుకోవాలి. సామీ ఒకచోట ఎవరివో తిండి ఎత్తుకొస్తాడు. దొంగతనం తప్పని చెప్పాలి. కానీ ఆకలితో ఉన్న నలుగురి ముందు తిండి ఉంది. ఈ పదమూడేళ్ళ పిల్ల అప్పుడు ఏం చెయ్యాలి? మనమైతే ఏం చేస్తాం?

తీరా చేరాక ఆ ముసలావిడ అప్పటికే చనిపోయి ఉంటుంది. ఆవిడ కూతురు యూనిస్ మంచిదే, తలదాచుకోనిస్తుంది. అన్నం దొరికింది, మంచం దొరికింది. సాహస కథ అక్కడితో ముగియాలి. కానీ పెద్దగా మాట్లాడని మేబెత్‌కు బుద్ధి మాంద్యమేమోనని పెద్దవాళ్ళు అనుకుంటుంటారు. మొండివాడైన సామీతో వేగలేమంటారు. ఆ ఇద్దరినీ వేరే చోటికి పంపే మాట మొదలవుతుంది. డైసీ మళ్ళీ మూట కడుతుంది. ఈసారి మేరీలాండ్‌లోని క్రిస్‌ఫీల్డ్ దాకా, ఎలాంటిదో తెలియని అమ్మమ్మ దగ్గరికి. చిన్నవాళ్ళకు నీడ కావాలని మొదలైన ప్రయాణం కాస్తా, నలుగురూ కలిసి ఉండలేని నీడ అక్కర్లేదు అనే దాకా వచ్చింది.

ఖాళీ అయిన కుర్చీ

ఈ కథల్ని వరసగా చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్క వీరనారి అయిన ప్రతి ఇంట్లోనూ ఒక పెద్దవాళ్ళ కుర్చీ ఖాళీగా ఉంది. కాట్నిస్‌కు తండ్రి లేడు, తల్లి ఉండీ లేదు. డైసీ తల్లి కుంగిపోయి, దారి తెలియక పిల్లల్ని వదిలేసింది. తర్వాత ఆమె బోస్టన్‌లో ఒక మానసిక చికిత్సాలయంలో తేలుతుంది. గ్రెగర్ తండ్రి జాడ లేదు, తల్లి పనికి పోవాలి. సారా ఇంట్లో మాత్రం ఒక్క సాయంత్రమే ఖాళీ. ఈ తల్లుల్ని రచయిత్రులు దుర్మార్గుల్లా చూపించలేదు. జబ్బుపడ్డ మనుషుల్లానే చూపించారు. కానీ ఆ ఖాళీకి ఎవరు ఎంత చెల్లించారో లెక్క మాత్రం వదిలిపెట్టలేదు.

1962లో మాడెలిన్ లెంగెల్ రాసిన 'ఎ రింకిల్ ఇన్ టైమ్' ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. తప్పిపోయిన తండ్రిని వెతుక్కుంటూ మెగ్, ఆమె అయిదేళ్ళ తమ్ముడు చార్లెస్ వాలెస్ వేరే గ్రహాలకు పోతారు. తండ్రి దొరుకుతాడు. ఈలోగా తమ్ముడు అక్కడి దుష్టశక్తికి చిక్కిపోతాడు. నాన్న దొరికాక ఇక అన్నీ ఆయనే చూసుకుంటాడనుకున్న మెగ్‌కు, ఆయన చేతుల్లో ఏమీ లేదని తెలుస్తుంది. కోపం వస్తుంది, ఏడుస్తుంది. తర్వాత తానే ఒంటరిగా తమ్ముడి కోసం వెనక్కి వెళ్తుంది. తమ్ముణ్ణి అంతగా ఎరిగింది తానొక్కతే కాబట్టి.

మన ఇళ్ళకు వద్దాం. ఇక్కడ ఎవరూ పిల్లల్ని పార్కింగ్‌లో వదిలి పోవడం లేదు. కానీ ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో, అమ్మమ్మా తాతయ్యా వీసా గడువు అయిపోయి విమానమెక్కాక, మధ్యాహ్నం మూడింటికి బస్‌స్టాప్ దగ్గర చిన్నోణ్ణి దింపుకునేది ఎవరు? అన్నం వేడిచేసి పెట్టేది, లెక్కలు చేయించేది, పదహారు నిండి లైసెన్స్ రాగానే వాణ్ణి కరాటేకీ తెలుగు బడికీ దింపేది ఎవరు? చాలా ఇళ్ళలో అక్కో, అన్నో. తప్పేం కాదు. నేర్చుకుంటారు, దగ్గరవుతారు కూడా. కానీ నువ్వు పెద్దదానివి కదమ్మా, సర్దుకో అనే మాట రోజుకు ఎన్నిసార్లు వాడుతున్నామో అప్పుడప్పుడూ లెక్కపెట్టుకుంటే మంచిది. పిల్ల తల్లిదండ్రుల పాత్రలోకి వెళ్ళిపోవడాన్ని మనస్తత్వ శాస్త్రంలో పేరెంటిఫికేషన్ అంటారు. మన భాషలో దానికి మెచ్చుకోలు మాటే ఉంది, మా పెద్దది మాకు అమ్మలాంటిది అని. ఆ మెప్పు వినీ వినీ, అలసటగా ఉందని చెప్పడానికి ఆ పిల్లకు నోరు రాదు.

కాట్నిస్ 20 చీటీల సంగతి చదువుతుంటే నాకు ఇంకోటి కూడా తోచింది. అమెరికాలో మన కుటుంబాల్లో చాలాచోట్ల పెద్దపిల్ల హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పుట్టి, చిన్నప్పుడే హెచ్-4 మీద వచ్చింది. చిన్నవాడు ఇక్కడే పుట్టాడు, పౌరుడు. గ్రీన్‌కార్డు వరస కదలకపోతే, 21 నిండగానే పెద్దదానికి డిపెండెంట్ హోదా పోతుంది. స్టూడెంట్ వీసాకు మారాలి, లేదా ఇంకో దారి చూసుకోవాలి. అదీ కుదరకపోతే తనకు సరిగ్గా గుర్తు కూడా లేని ఊరికి తిరిగి వెళ్ళాలి. ఒకే ఇల్లు, ఒకే డైనింగ్ టేబుల్, ఇద్దరి పేర్లూ ఒకే గిన్నెలో లేవు. ఆ పిల్ల ఏ కాలేజీ, ఏ కోర్సు అని ఆలోచించేటప్పుడు తమ్ముడు కూడా ఆ లెక్కలో ఉంటాడు. ఇంటికి దూరంగా పోతే వాడు ఒంటరివాడవుతాడేమో, నా ఫీజులకే నాన్న అయిపోతే వాడి చదువు ఎలా అని. గల్ఫ్‌లో అయితే పన్నెండో తరగతి కాగానే పెద్దవాడు ఒక్కడే బీటెక్‌కు ఇండియా విమానమెక్కడం ఎన్నో ఇళ్ళలో చూస్తున్నదే. వెనక మిగిలిన చెల్లి మొహం చూడకుండా చెక్-ఇన్ దగ్గర నిలబడటం కూడా సాహసమే, దాని మీద ఎవరూ సినిమా తియ్యలేదు.

తన్ని దారి చూపిన చెల్లి

ఇంతదాకా చెప్పిన చాలా కథల్లో చిన్నవాళ్ళను కాపాడాలి. వాళ్ళ ఇష్టమేమిటని ఎవరైనా అడిగారా? ఇప్పటి మన టీనేజర్లు విరగబడి చూస్తున్న జపాన్ కథ 'డీమన్ స్లేయర్'లో అందుకు జవాబుంది. 2016 నుంచి 2020 దాకా మాంగాగా వచ్చింది, 2019 నుంచి యానిమేగా వస్తోంది. బొగ్గులమ్ముకునే తంజిరో ఇంటికొచ్చేసరికి తల్లి, తోబుట్టువులు హత్యకు గురై ఉంటారు. ప్రాణాలతో మిగిలిన చెల్లి నెజుకో రాక్షసిగా మారుతుంది. ఆమెను మళ్ళీ మనిషిని చెయ్యాలన్నదే అతని లక్ష్యం. రాక్షసుల్ని చంపే దళంలో చేరి, రాక్షసి అయిన చెల్లినే పెట్టెలో పెట్టి వీపున మోస్తుంటాడు. ఎండ తగిలితే ఆమె కాలిపోతుంది, అందుకని పగలంతా ఆ పెట్టె. ఒక పోరాటంలో ఎముకలు విరిగినా, నేను ఇంటికి పెద్దకొడుకుని, ఓర్చుకోగలను అని తనకు తాను చెప్పుకుంటాడు. మన ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఈ మాట అనువాదం అక్కర్లేదు.

కత్తులు చేసే పల్లెలో జరిగే యుద్ధం చివర తెల్లారిపోతుంది. ఎండ నెజుకో ఒంటిని కాల్చేస్తోంది. తంజిరో ఆమె మీద పడి నీడ కాస్తున్నాడు. అవతల రాక్షసుడు పల్లె మనుషుల్ని చంపబోతున్నాడు. చెల్లిని వదిలి పోవాలా, వాళ్ళను చావనివ్వాలా? అతనికి తేలదు. అప్పుడు నెజుకోనే అన్నను ఒక్క తన్ను తన్ని రాక్షసుడి వైపు విసిరేస్తుంది. నవ్వుతూ. తర్వాత ఎండలోనూ ఆమె బతికి బయటపడుతుంది, అది కథలో వింత. నాకు గుర్తుండిపోయేది ఆ తన్నే. అన్న ప్రాధాన్యాన్ని అన్న మార్చుకోలేనప్పుడు చెల్లి మార్చింది. నన్ను మోసింది చాలు, నీ పని చూసుకో అన్నట్టు.

హంగర్ గేమ్స్ ముగింపు తెలియనివాళ్ళు ఈ ఒక్క పేరా దాటేయండి. 2010లో వచ్చిన మూడో పుస్తకం 'మాకింగ్‌జే'లో ప్రిమ్ మేకపిల్లను పట్టుకుని తిరిగే చిన్నది కాదు. వైద్యం నేర్చుకుంటోంది. తిరుగుబాటు నాయకులు అక్కను తమ ముఖచిత్రంగా వాడుకోవాలనుకుంటే, వాళ్ళకు నీ అవసరముంది కాబట్టి నీ షరతులు నువ్వు పెట్టు అని అక్కకు సలహా చెప్పేది ఈ పిల్లే. ఏళ్ళ తరబడి చెల్లిని పసిదానిలా చూసిన కాట్నిస్ ఆ మాటకు ఆశ్చర్యపోతుంది. చివరికి గాయపడ్డ పిల్లలకు వైద్యం చెయ్యడానికి పరుగెత్తి బాంబు పేలుడులో ప్రిమ్ చనిపోతుంది. మొదటి పుస్తకంలో ఎవరి కోసమైతే బయల్దేరిందో ఆమెనే కాట్నిస్ కాపాడలేకపోతుంది. చాలామంది పిల్లలు ఈ ముగింపు మీద రచయిత్రిని ఇప్పటికీ క్షమించరు. నా ఉద్దేశంలో కాలిన్స్ చేసింది సబబే. ప్రిమ్ అక్కడికి వెళ్ళింది తన సొంత ధైర్యంతో, తన సొంత పనిమీద. అక్క గూటిలో జరగాల్సిన కథ అయిపోయి చాలా రోజులైంది, అక్కకే తెలియలేదు. ఆ పేలుడులో తమవాళ్ళ చెయ్యి ఉందని నమ్మాక కాట్నిస్ బాణం ఎటు తిరిగిందో చదివినవాళ్ళకు తెలుసు.

పిల్లల చేత చదివించాలనుకుంటే ఒక మాట. హంగర్ గేమ్స్‌లో హింస ఎక్కువ, పన్నెండు దాటాకే ఇవ్వండి. గ్రెగర్ అయితే చిన్నవాళ్ళకు మీరే రాత్రిపూట కొంచెం కొంచెం చదివి వినిపించొచ్చు. హోమ్‌కమింగ్ ఏ ఊరి లైబ్రరీలోనైనా అడిగి చూడండి, పాతది కదా అని పిల్లలు మొదట మూతి విరుస్తారు. యాభై పేజీలు ఆగమని చెప్పండి. వీలైతే ముందు మీరు చదవండి.

హోమ్‌కమింగ్‌కు కొనసాగింపు 'డైసీస్ సాంగ్'. 1983లో న్యూబెరీ మెడల్ వచ్చింది దీనికే. పిల్లలు అమ్మమ్మ ఇంట్లో ఉంటారు. ముసలావిడ అభిమానవంతురాలు, ఎవరి ముందూ చెయ్యి చాపిన మనిషి కాదు. కానీ నలుగురు పిల్లల్ని పెంచాలంటే డబ్బు కావాలి. అందుకని అభిమానం చంపుకుని ప్రభుత్వ సాయానికి దరఖాస్తు పెడుతుంది. మేబెత్‌కు చదవడం రావడం లేదని తెలిసి, ఆమెకు ఎలా నేర్పాలో జేమ్స్ పుస్తకాలు వెతికి పద్ధతి కనిపెడతాడు. ఇన్నాళ్ళూ ఒక్కతే చూసుకున్న పనుల్లో ఇతరుల చేతులు పడుతుంటే డైసీకి మొదట్లో నచ్చదు కూడా. ఆ ఇంటి కొట్టంలో ఆమెకు ఒక పాత తెరచాప పడవ దొరికింది. పనులన్నీ అయ్యాక అక్కడికి పోయి, పెచ్చులూడిన రంగును ఒంటరిగా గీకుతూ కూర్చుంటుంది. ఆ పడవ తమ్ముళ్ళ కోసం కాదు, చెల్లి కోసమూ కాదు.